సిమెంటుకు ఒకటే ముక్క

పోయినవారం సిమెంటు అరిచిన అరుపు ఇంకా గదిలోంచి పోలేదు. "తప్పు పంపకం! నాకు ఒకటే ముక్క వచ్చింది!" అని అరచేత్తో బల్లమీద కొట్టాడు. పేర్చుకున్న బిళ్ళలన్నీ కూలాయి. అక్కడ ఆగాం.

కొత్తగా చదివేవాళ్ళకి కాస్త చెప్పాలి. పరుపుల కొట్టు మీద మేడగది అది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కడ పోకరు ఆడతారు. గది మేనమామది. పేక పంచేది మేనకోడలు. ఆమె పనిచేసే పుస్తకాల బైండింగు షాపు మూతపడితే మేనమామ పిలిచి ఈ కుర్చీ ఇచ్చాడు. కూర్చున్న కొత్తలోనే రెండుసార్లు తప్పు పంచింది. ఒకసారి ముక్క తిరగబడింది. ఇంకోసారి లేచి బయటికెళ్ళిన మనిషికి పంచింది. "ఇంకొక్క తప్పు పంపకం జరిగిందా, కుర్చీ దిగి కప్పులు కడుక్కో" అని మేనమామ అందరిముందూ అన్నాడు. ఆమెకి ఇంకో పని లేదు. వెతికింది. దొరకలేదు.

ఆడేవాళ్ళు నలుగురు. ఆ నలుగురి గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు.

సిమెంటు అంటే ఇళ్ళు కట్టే కంట్రాక్టరు. అతను కట్టిన ఇళ్ళలో అది ఎంతుందో తెలియదు, పేరులో మాత్రం గట్టిగా ఉంది. మేనమామ భార్యకి సొంత తమ్ముడు. ఈ మేడమెట్లు వంకరగా కట్టాడని మేనమామా, కట్టినదానికి కృతజ్ఞత లేదని అతనూ మాటా మాటా అనుకున్నారు. అప్పట్నించి ఉప్పూ నిప్పూ. 'బావా' అనే పిలుపు ఆ రోజుతో పోయింది. అతను ఈయన్ని 'ఓనరుగారూ' అంటాడు, సాగదీసి. ఈయన అతన్ని 'కంట్రాక్టరూ' అంటాడు, ఊసినట్టు. ఆటకి మాత్రం రోజూ వస్తాడు. ఆ మధ్యాహ్నం మొదటి పెద్ద ఆట కొట్టిందీ అతనే. ఆఠీను రాజుని బల్లమీద విసిరి, బిళ్ళలన్నీ రెండు చేతులతో వాటేసుకున్నాడు.

పోకరులో మనిషికి రెండేసి ముక్కలు బోర్లా పంచుతారు, చుట్టుకి ఒకటి చొప్పున. అవి చూసుకుని, డబ్బుకి బదులు పెట్టుకున్న బిళ్ళలు పందెంగా మధ్యలోకి తోస్తారు. ఈ కథకి అంత తెలిస్తే చాలు.

"నీకు ముక్కలు బాగోనప్పుడల్లా తప్పు పంపకమే కదయ్యా!" అన్నాడు పళ్ళ డాక్టరు. తన రెండు ముక్కలమీద చెయ్యి గొడుగులా పట్టుకుని ఉన్నాడు. మంచి ముక్కలు పడ్డాయని ఆ చెయ్యే చెబుతోంది. "ఒకరోజు ముక్క వంగిందన్నావు. ఇంకోరోజు ఫ్యాను గాలికి తిరగబడిందన్నావు. ఇవాళ అసలు రాలేదంటున్నావు. రేపొచ్చి పేకే లేదంటావు."

"ఇదిగో చూడు, ఒకటే! పళ్ళు పీకీ పీకీ కళ్ళు పోయాయా నీకు?"

"రెండోది ఒళ్ళో ఉందేమో చూసుకో."

సిమెంటు లేచి నిలబడి చొక్కా దులిపాడు. జేబులోంచి దువ్వెన పడింది. "బనీను కూడా విప్పమంటావా?"

"వద్దు. ఇప్పుడు టీ వస్తుంది, తాగాలి."

సిమెంటు తన కుడిపక్కకి తిరిగాడు. అక్కడ మాస్టారు కూర్చుని ఉన్నాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పిల్లలకి నిజం చెప్పాలని చెప్పి, రిటైరయ్యాక ఆ బరువు దింపుకున్న మనిషి.

"మాస్టారూ, మీరు చెప్పండి. నా పక్కనే ఉన్నారు. నాకెన్ని వచ్చాయి?"

"నేను నా ముక్కలు చూసుకుంటున్నాను నాయనా. ఒకరి ముక్కలు చూడటం నాకు అలవాటు లేదు."

ఇంతకాలంగా ఆయన చూసింది పక్కవాళ్ళ ముక్కలే. అందుకే ఆయన మెడ కొంచెం పక్కకి వాలిపోయి ఉంటుంది.

"అయినా ఇదంతా దేనికి?" అన్నాడు డాక్టరు. "నేను బిళ్ళలు తోశాను. టైర్లాయన తోశాడు. ఇద్దరు తోశాక పంపకం నిలబడ్డట్టే. నేను పెట్టిన రూలు కాదు, ఈ గది రూలు. వీడి చెయ్యి చచ్చినట్టు లెక్క. మనం ఆడుకుందాం."

రూలు నిజమే. పంపకంలో తప్పు ఎవరికైనా జరుగుతుంది. వెంటనే పట్టుకుంటే ముక్కలన్నీ వెనక్కి తీసుకుని మళ్ళీ పంచుతారు. ఆట కొంత నడిచాక పట్టుకుంటే, అప్పటికే బిళ్ళలు తోసినవాళ్ళకి అన్యాయం కనుక, ముక్క తక్కువైనవాణ్ణి పక్కనపెట్టి మిగతావాళ్ళు ఆడతారు. దానికి గడువు ఇద్దరు. ఒకరు తోస్తే వెనక్కి వెళ్ళొచ్చు, ఇద్దరు తోస్తే వెళ్ళకూడదు. మంచి రూలే. దాన్ని పట్టుకున్న చేతులే మంచివి కావు.

టైర్ల కొట్టు నడిపే ఆ టైర్లాయన బిళ్ళలు ఇంకా టైర్లాయన గుప్పిట్లోనే ఉన్నాయి. గదిలో అందరికీ కనిపిస్తున్నాయి.

"ఏమయ్యా, తోశావా లేదా?" అని మేనమామ అడిగాడు. ఆయన ఆడడు. గోడ పక్కన ఇనప బీరువాకి ఆనుకుని నిలబడి చూస్తాడు. ఎవరికి తగువొచ్చినా తీర్పు ఆయనదే.

టైర్లాయన డాక్టరు వైపు చూశాడు. అతని నోట్లో పై వరస పళ్ళు డాక్టరు కట్టినవి. కింది వరస ఇంకా డాక్టరు దగ్గరే ఉంది.

"తోసినట్టే" అన్నాడు.

"తోసినట్టా? తోశావా?"

"తోద్దామనుకున్నాను. అనుకున్నాక తోసినట్టే కదండీ."

"అనుకుంటే అయిపోతుందా?" అన్నాడు సిమెంటు. "అయితే నీ కొట్లో గాలి పంపు ఎందుకురా? టైరు పక్కన కూర్చుని అనుకో, నిండుతుంది."

డాక్టరు కూడా నవ్వాపుకోలేకపోయాడు. టైర్లాయన పై పెదవి కిందికి లాక్కుని కూర్చున్నాడు. గుప్పిట మాత్రం తెరవలేదు.

ఇంత జరుగుతున్నా మేనకోడలు మిగిలిన కట్టమీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది. తీర్పు ఎటు పోయినా తన కుర్చీ పోతుందని ఆమెకి తెలుసు. మేనమామ ఎప్పుడు తనవైపు తిరుగుతాడా, ఏమంటాడా అని చూస్తోంది.

మేనమామ తిరిగాడు. అరవలేదు.

"పోనీలే అమ్మా" అన్నాడు. "ఇంతదానికి ఇంత రభసెందుకు? పైముక్క ఒకటి తీసి కంట్రాక్టరుకి పడెయ్. ఆట నడుస్తుంది."

ఆమెకి అర్థం కాలేదు.

"అంటే ఇది తప్పు పంపకం కాదా మావయ్యా?"

"ఆ మాటే ఎత్తకు. ముక్క జారింది. జారితే ఇచ్చేశావు. నీ కుర్చీకేం కాదు, నేనున్నాగా. ఏం కంట్రాక్టరూ, పైముక్క ఇస్తే నీకు చాలదా?"

"ఎందుకు చాలాలి? తప్పు మీ మనిషిదైతే నేను సర్దుకోవాలా ఓనరుగారూ?"

"నువ్వు నోరు మూసుకో" అన్నాడు మేనమామ. అంత గట్టిగా అనాల్సినంత పెద్ద మాట కాదు అతను అన్నది.

మేనకోడలి కళ్ళు తడయ్యాయి. ఈయన మీదనా ఇన్నాళ్ళూ కోపం పెట్టుకున్నాను అనుకుంది. నలుగురిముందూ కేకలేస్తాడు గానీ అవసరమొస్తే మేనమామ మేనమామే. పైముక్క మీద వేలు పెట్టింది. తీసి విసిరితే అయిపోతుంది. సిమెంటు నాలుగు రోజులు గొణుగుతాడు. అతని గొణుగుడు ఎవరికి కావాలి? ఆ గదిలో సిమెంటుకి అన్యాయం జరిగిందంటే ఆ వీధిలో ఒక్కడూ జాలిపడడు. ఆమె అసలు పడదు.

వేలు అక్కడే ఉంది. ముక్క కదల్లేదు.

"కుదరదు మావయ్యా" అంది.

"ఏం కుదరదు?"

"ముక్క జారలేదు. నేను వెయ్యలేదు."

గదిలో టేబుల్ ఫ్యాను ఇటునించి అటు తిరిగింది. కింద కొట్లో ఎవరో పరుపు మీద గట్టిగా కొట్టి చూస్తున్నారు.

"రెండో చుట్టు మొదలుపెట్టేటప్పుడు ఈ కంట్రాక్టరుగారు ఒక మాటన్నారు. 'అట్టలకి జిగురు పూసిన చేతులు, ముక్కలు అంటుకుపోతాయి జాగ్రత్త' అని. మీరందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఈయన మొహం చూడబుద్ధి కాలేదు. మాస్టారికి వేసి, చెయ్యి ఈయన్ని దాటి డాక్టరుగారి దగ్గర వాలింది. అది నాకు అప్పుడే తెలిసినట్టయింది. మళ్ళీ చూడలేదు. తప్పు నాది."

"తెలిసీ ఊరుకున్నావా?" అన్నాడు సిమెంటు.

"తెలిసీ తెలియనట్టు ఊరుకున్నాను."

"చూశారా? నేను మొత్తుకుంటూనే ఉన్నాను! నేనే ఈ గదిలో..."

"ఆగండి. మీమీద గౌరవం ఉండి చెప్పటం లేదు. మీ మీద నాకున్నది ఏమిటో మీకూ తెలుసు. పంచేదాన్ని నేను. మనిషి నచ్చలేదని ముక్క మానేస్తే అది పంపకమెలా అవుతుంది?"

సిమెంటు కిందపడ్డ దువ్వెన తీసి జేబులో పెట్టుకున్నాడు. తన పక్షాన తీర్పొచ్చి, మొహం మీద చెప్పుతో కొట్టినట్టుండటం అతనికి కొత్త.

"సరే, అయిందేదో అయింది. అందుకే పైముక్క ఇచ్చెయ్యమంటున్నాను" అన్నాడు మేనమామ.

"అదీ కుదరదు. ఒకరిని దాటాక డాక్టరుగారికి పడిన రెండో ముక్క ఈయనది. టైర్ల బాబాయి తీసుకున్నది డాక్టరుగారి ముక్క. ఇప్పుడు పైది తీసి ఇటు వేస్తే ఎవరి ముక్కతో ఎవరు ఆడుతున్నట్టు? తోసింది డాక్టరుగారొక్కరే. ఆ గుప్పిట తెరవండి బాబాయ్, చూద్దాం. బిళ్ళలు లోపలే ఉన్నాయి. గడువు దాటలేదు. ముక్కలన్నీ వెనక్కి రావాలి."

"అంటే నా ముక్క వీడిదా?" డాక్టరు తన చేతి గొడుగు ఎత్తి చూసుకున్నాడు.

"ఒకటి."

"నా ముక్క!" సిమెంటు బల్లమీదికి వంగాడు. "ఏది? పెద్దదేనా? నా ముక్క పట్టుకుని కూర్చుని నన్ను దొంగంటాడా?"

డాక్టరు మొహం ఎర్రబడింది. అలాంటి ముక్కలు అతనికి రోజూ రావు. "ఇదంతా నాటకం" అన్నాడు. "ఈ పిల్ల తినేది వాడి అక్క వండిన అన్నం. అందుకే తప్పు నెత్తిన వేసుకుని వాణ్ణి కాపాడుతోంది. వీడు ముక్క దాచాడు. కట్ట లెక్కపెట్టండి. యాభై ఒకటే వస్తాయి."

"లెక్కపెట్టండి!" సిమెంటు కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "బోర్లా పెట్టి, పైకి చదువుతూ లెక్కపెట్టండి! తప్పు పంపకమైతే కట్ట లెక్కపెట్టి మరీ పంచాలని ఓనరుగారి రూలే కదా. యాభై రెండు రాకపోతే ఈ మెట్లెక్కను. మెట్లు కట్టినవాణ్ణి చెబుతున్నాను!"

మేనమామ కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక, పళ్ళ మధ్యనించి, "కూర్చో కంట్రాక్టరూ" అన్నాడు.

"నేనెందుకు కూర్చోవాలి?"

"కూర్చో అన్నానా? లెక్కలూ గిక్కలూ ఇప్పుడొద్దు. అమ్మాయి తప్పు ఒప్పుకుంది, అయిపోయింది. టీ చెప్పాను, తాగండి. ఈ కట్ట ఎలాగూ నలిగింది. కొత్తది తీస్తాను."

టీ వచ్చినప్పుడు ఆయన పాత కట్ట తీసి కొత్తది పెట్టడం రోజూ ఉన్నదే. పాతది చొక్కా జేబులో వేసుకుంటాడు. శుభ్రమైన మనిషని అందరూ అనుకుంటారు. ఆయన చెయ్యి చాచాడు. మేనకోడలు కట్ట ఇవ్వలేదు.

"మార్చేది తర్వాత మారుద్దాం మావయ్యా. ఈయన దాచాడో, నేను దాటానో ఇదే చెప్పాలి. కొత్త కట్ట ఏం చెబుతుంది? మొదటిరోజు నువ్వే కదా అన్నావు, తప్పు జరిగిన కట్టని లెక్కపెట్టకుండా బల్ల దాటనివ్వకూడదని."

అనడం అన్నాడు. కుర్చీ ఇచ్చిన రోజు, గొంతు సవరించుకుని, పెద్దమనిషిలా అన్నాడు. అప్పుడు వినేవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు.

ముక్కలు వెనక్కి వచ్చాయి. మాస్టారివి రెండు. డాక్టరువి రెండు, ఒక్కోటి విడిచిపెట్టలేక విడిచిపెట్టాడు. టైర్లాయనవి రెండు. సిమెంటుది ఒకటి. అన్నీ బోర్లా కట్టమీద పెట్టి, సర్ది, ఆమె లెక్క మొదలుపెట్టింది. బైండింగు షాపులో కాగితాలు లెక్కపెట్టినట్టు బొటనవేలితో తోస్తూ, పైకి చదువుతూ.

సిమెంటు కూడా గొంతు కలిపాడు. ఒకటో ఎక్కం అప్పజెప్పే పిల్లాడిలా తలూపుతూ చదివాడు. ఇరవై దాటింది. ముప్ఫై దాటింది. నలభై దగ్గర అతని గొంతు ఆగింది. ఏదో గుర్తొచ్చినట్టు తన బిళ్ళల వైపు చూశాడు. తర్వాత మేనమామ వైపు చూశాడు. మేనమామ నేల చూస్తున్నాడు.

"యాభై. యాభై ఒకటి."

డాక్టరు పెదవి వంకర తిప్పాడు.

"యాభై రెండు" అని మేనకోడలు ఆగింది.

ఆమె చేతిలో ఇంకో ముక్క ఉంది.

మాస్టారు, "మధ్యలో ఒకటి రెండుసార్లు చదివావేమో అమ్మా" అన్నాడు.

"అయితే మీరే లెక్కపెట్టండి మాస్టారూ."

మాస్టారు రెండు చేతులూ బల్ల కిందికి దింపేసుకున్నాడు.

ఆమె కట్టని తిరగేసింది. రంగుకో వరస పేర్చింది. ఇస్పేటు పదమూడు. కళావరు పదమూడు. డైమను పదమూడు. ఆఠీను వరస మాత్రం ఒక ముక్క పొడుగు వచ్చింది. ఇద్దరు రాజులు. పక్కపక్కన పెట్టి చూసింది. వెనక బొమ్మ రెంటికీ ఒకటే. ఒకడి అంచులు నిన్నటినించీ ఇన్ని చేతుల్లో నలిగి మురికిపట్టాయి. రెండోవాడి అంచులు తెల్లగా ఉన్నాయి, ఇప్పుడే అట్టపెట్టెలోంచి దిగినట్టు.

"ఇందాక పెద్ద ఆట కొట్టింది ఆఠీను రాజుతోనే కదూ?" అన్నాడు టైర్లాయన. ఆ రోజంతా అతను అన్న మొదటి నిజం అది. అన్నాక భయపడి డాక్టరు వైపు చూశాడు. డాక్టరు సిమెంటు వైపు చూస్తున్నాడు.

సిమెంటు దువ్వెన తీసి జుట్టు దువ్వుకుంటున్నాడు. అతనికి ఉన్న జుట్టుకి అంతసేపు పట్టదు.

మేనకోడలు చూస్తున్నది సిమెంటుని కాదు. వెనక ఆ బొమ్మ ఉన్న పేక బజార్లో దొరకదు. మేనమామ పెట్టెలకి పెట్టెలు తెప్పించి బీరువాలో పెడతాడు. బీరువా తాళం చెవి ఆయన నడుముకి వేలాడే గుత్తిలో ఉంటుంది. స్నానానికి వెళ్ళినా గుత్తి పైకి కనబడేట్టు గొళ్ళేనికి తగిలించి, తలుపు ఓరగా వేసుకుని చూస్తూ పోసుకుంటాడని అత్తయ్య నవ్వుతుంది.

నీ కుర్చీకేం కాదు, నేనున్నాగా. ఆ మాట ఆమెకి మళ్ళీ వినబడింది. ఈసారి అందులో మేనమామ లేడు.

"మావయ్యా, బీరువా తాళం చెవి ఇవ్వు."

"ఎందుకు?"

"లోపలున్న కట్టలు లెక్కపెడతాను. ఒకదాంట్లో ఆఠీను రాజు ఉండడు."

మేనమామ బీరువాకి మరింత ఆనుకున్నాడు. నలుగురినీ ఒకసారి చూశాడు. చివరికి ఆమెని చూసినప్పుడు ఆ చూపులో కోపం కూడా లేదు. చెప్పిన పని చెయ్యని సామాను వైపు చూసినట్టు చూశాడు.

"జిగురు చేతులు" అన్నాడు. "పోనీ పాపం అని తెచ్చి కూర్చోబెడితే! ఆలోచించుకుని అడుగు. నీకు కుర్చీ కావాలా, తాళం చెవి కావాలా?"

మేనకోడలు కుర్చీలోంచి లేచింది. కుర్చీని బల్లకిందికి నెట్టి, దాని వీపుమీది దిండు సర్దింది, ఇంకెవరో కూర్చోవడానికి అన్నట్టు. బల్ల చుట్టూ నడిచి వచ్చి మేనమామ ఎదురుగా నిలబడి అరచెయ్యి చాచింది.

మేనమామ చెయ్యి నడుము దగ్గరికి పోయింది. గుత్తి గలగలమంది. ఇస్తాడో, మొహాన కొడతాడో ఎవరికీ తెలియలేదు. ఆయనకీ తెలిసినట్టు లేదు.

అప్పుడు వెనకనించి సిమెంటు గొంతు వచ్చింది. అరుపు కాదు. ఇంట్లో మాట్లాడుకునే గొంతు, లోగొంతు.

"ఇవ్వకు బావా."

మేడమెట్లు కట్టిన రోజు తర్వాత ఆ గదిలో ఆ పిలుపు ఎవరూ వినలేదు. మాస్టారి వాలిన మెడ నిటారుగా లేచింది. టైర్లాయన గుప్పిట తెరుచుకుని బిళ్ళలు బల్లమీద రాలాయి.

పళ్ళ డాక్టరు లేచి, గుమ్మం దాకా నడిచి, లోపలినించి గడియ పెట్టాడు. చొక్కా చేతులు మడుచుకుంటూ వెనక్కి తిరిగాడు.